ఎవరి ఒడి మీద రాస్తున్నాం?

గుంటూరు నుంచి వినుకొండ వైపు వెళ్ళే పాసింజరు బండి నల్లపాడు దాటిందంటే ఇక ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపులో పెన్నుతో రాస్తే సున్నా సున్నాలాగా ఉండదు. కొమ్ము వెళ్ళి పక్క అక్షరం మీద పడుతుంది. అందుకని పెన్సిల్‌తో రాసేదాన్ని. పదో తరగతిలో కొన్న పరీక్ష అట్ట ఒళ్ళో పెట్టుకుని, దాని క్లిప్పుకి తెల్లకాగితాలు తగిలించి రాసుకుంటూ ఉంటే ఫిరంగిపురం, సాతులూరు, నరసరావుపేట వెనక్కి పోయేవి, నా సిద్ధాంత గ్రంథం నాలుగు పేజీలు ముందుకి జరిగేది. ఆ లైను మీద ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా పనిచేసిన రోజులవి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఇంట్లో ఎంత వెతికినా దొరకని నాలుగు గంటలు నాకు రైల్లో దొరికాయి.

ఒక మాఘమాసపు పొద్దున, మిరపకోతలు మంచి జోరు మీదున్నప్పుడు, తలుపు దగ్గర కింద కూచున్న ఆడవాళ్ళ గుంపులోంచి ఒక పెద్దామె నన్ను అడిగింది: "ఏందమ్మా అట్టా రాస్తన్నావు? మా పేర్లేనా?"

గుంపంతా నా వైపు తిరిగింది. వాళ్ళ అనుభవంలో పేర్లు రాసుకునేవాళ్ళు ముగ్గురే ఉంటారు: టిక్కెట్టు కలెక్టరు, కూలీ లెక్క చూసే మేస్త్రీ, కార్డుల సర్వేకి వచ్చే మనిషి. ముగ్గురిలో ఎవరు రాసుకున్నా ఏదో ఒకటి మీదికి వస్తుంది. "మీ పేర్లు కాదమ్మా, ఇది నా చదువుకి సంబంధించింది" అన్నాను. "అయితే సరేలే" అని ఆమె నిమ్మళంగా కొంగు సర్దుకుంది. నాకు మాత్రం నిమ్మళం లేకుండా పోయింది. ఎందుకంటే నేనప్పుడు రాస్తున్నది వాళ్ళ గురించే. మూడో అధ్యాయం, కోస్తా కథల్లో స్త్రీల వ్యవసాయ శ్రమ. తొడిమలు తీసి తీసి, నూనె రాసుకున్నా మంట చల్లారని వాళ్ళ వేళ్ళని చూస్తూ వాక్యాలు కట్టుకుంటున్నాను. పేర్లు రాయడం లేదన్నది మాత్రం నిజం.

ఆ ప్రశ్న నాతో చాలా ఏళ్ళుగా ఉంది. దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే, విచిత్రంగా, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఇంకొక రైలుపెట్టెలో తేలాను.

ఆంథొనీ ట్రాలప్ పేరు సాహిత్య విద్యార్థులకి కొత్త కాదు. నలభై ఏడు నవలలు రాసినవాడు. ఉద్యోగం తపాలా శాఖలో. ఊరూరూ తిరిగి తపాలా ఏర్పాట్లు చూడటం ఆయన పని. 1858లో, ఇంగ్లండు నుంచి మన వైపుకి వచ్చే ఉత్తరాల సంచుల్ని ఈజిప్టు మీదుగా రైల్లో చేరవేసే ఒప్పందం కుదర్చడానికి వెళ్ళింది కూడా ఆయనే. తిరుగుడు ఉద్యోగంలో పగటి గంటలన్నీ రైల్లోనే గడిచిపోతుంటే ఆయనొక ఉపాయం చేశాడు. ఒళ్ళో పెట్టుకుని రాసుకోవడానికి ఒక చిన్న పలక తయారుచేసుకున్నాడు. కొద్దిరోజుల సాధనతో ఇంట్లో బల్ల దగ్గర ఎంత వేగంగా రాసేవాడో రైల్లోనూ అంత వేగంగా రాయగలిగాడు. 1857లో వచ్చిన 'బార్చెస్టర్ టవర్స్' నవలలో ఎక్కువ భాగం అలా రాసిందే. చనిపోయిన మరుసటి ఏడు, 1883లో వెలువడిన ఆత్మకథలో ఇదంతా ఆయనే చెప్పుకున్నాడు. తనని ఇబ్బంది పెట్టింది ఒక్కటేనట: నలుగురైదుగురు తోటి ప్రయాణికుల ముందు రాస్తుంటే, రచయితనని చూపించుకుంటున్నట్టు ఉండేదని. తర్వాత అదీ అలవాటైపోయిందన్నాడు.

ఆత్మకథలో ఆ చోటు నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి, కోర్సువర్కు రోజుల్లో, ఆ పలక మీద నాకు ప్రేమ పుట్టింది. నా పరీక్ష అట్టకి వంశవృక్షం దొరికినంత సంతోషపడ్డాను. రెండోసారి చదివేటప్పటికి నాకు కూతురు పుట్టి ఉంది. అప్పుడు అదే చోట ఇంకొక మాట కనిపించింది. తాను పెన్సిల్‌తో రాసినదాన్ని తర్వాత తన భార్య ఎత్తి రాసేదన్న మాట. మొదటిసారి అది నా కంట్లో పడనేలేదు.

రైల్లో సుఖంగా రాసుకోవడం ఎలా అన్నది ఆ శతాబ్దంలో చాలామంది బుర్రలు పెట్టిన సమస్య. సిరాసీసా ఒలకకూడదు. కలం పొడి కాకూడదు. చెయ్యి అదరకూడదు. ఒక్కో చిక్కుకి ఒక్కో సాధనం వచ్చింది. మూత బిగుసుకునే ప్రయాణపు సిరాబుడ్లు వచ్చాయి. మూత తెరిస్తే ఏటవాలు బల్ల అయ్యే రాతపెట్టెలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. నకలు తీయడానికి వీలైన, చెరిపినా పోని రంగు పెన్సిళ్ళు 1870లలో వచ్చాయి. సిరా తనలోనే దాచుకునే కలానికి 1884లో వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. చీకట్లో లేచి దీపం వెలిగించకుండా రాసుకోవడానికి లూయిస్ కారల్ 1891లో ఒక గళ్ళ అట్ట కనిపెట్టాడు. ప్రతి ఒక్కటీ ముచ్చటైన వస్తువే. మ్యూజియంలో అద్దాల వెనక పెడితే గంటసేపు చూడాలనిపించేవే.

కానీ ఈ సాధనాలన్నీ ఒక విషయాన్ని ముందే ఉన్నట్టు తీసుకున్నాయి. రాసే మనిషి ఒడి ఖాళీగా ఉంటుందని.

ఒడి అనే మాట చుట్టూ తెలుగులో ఎంత బరువుందో మనకి తెలుసు. ఆడపిల్లకి ఒడిబియ్యం పోస్తాం. ఒడి నిండాలని దీవిస్తాం. ఖాళీ ఒడి అంటే తిట్టు, లేదా జాలి. మా పల్నాటి చేలల్లో ఒడి అంటే పనిముట్టు కూడా. నడుముకి గుడ్డ కట్టి ఒడి చేసుకుని, పత్తి అయితే పత్తి, కాయలయితే కాయలు అందులో వేసుకుంటూ సాలు వెంట నడుస్తారు. ఒడి నిండాక వెళ్ళి కుప్ప పోసి మళ్ళీ సాల్లోకి వస్తారు. ఆ ఆడవాళ్ళు రైలెక్కాక కూడా ఒడి ఖాళీ ఉండదు. ఒక పిల్లాడో, క్యారేజీ సంచో ఉంటుంది. ఆ పెట్టెలో ఒళ్ళో అట్ట పెట్టుకుని కూచున్నది నేనొక్కదాన్నే.

మరి నా ఒడి ఎలా ఖాళీ అయింది? ఆ నాలుగు గంటలూ, కాలేజీలో ఇంకొక ఆరు గంటలూ, నా కూతురు మా అమ్మ ఒళ్ళో ఉంది. "నువ్వు రైల్లో రాసుకో, పిల్లని నేను చూసుకుంటాగా" అంది అమ్మ. నిండు మనసుతోనే అంది. ఆ మాటని వెనక్కి తిప్పి చదివితే నా సిద్ధాంత గ్రంథం కింద ఉన్న అసలు బల్ల ఏదో తెలుస్తుంది.

ట్రాలప్ విషయానికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఆయన్ని తేలిగ్గా తప్పుపట్టి వదిలేయడం సరికాదు. ఆయనకి ఈ లెక్క బొత్తిగా తెలియదని కాదు. తన ప్రచురణకి ముందు రాతలన్నీ దాదాపు చదివింది భార్యేనని, అభిరుచికి సంబంధించిన విషయాల్లో దానివల్ల తనకి చాలా మేలు జరిగిందని రాశాడు. తెల్లవారుజామున కాఫీతో లేపే ముసలి సేవకుడికి ఆ పనికోసం ఏడాదికి ఐదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడినని, తన విజయానికి అందరికంటే అతనికే ఎక్కువ రుణపడి ఉన్నానేమోనని కూడా రాశాడు. సేవకుడికి డబ్బు ముట్టింది. కృతజ్ఞతా ముట్టింది. భార్య రోజ్ హెసల్‌టైన్‌కి దక్కింది ఆ ఒకటి రెండు వాక్యాలు. తమ పెళ్ళి అందరి పెళ్ళిళ్ళ లాంటిదేనని, తమ ఇద్దరికి తప్ప మరెవరికీ అందులో ఆసక్తి ఉండదని దాటేశాడాయన. ఊగే బండిలో పెన్సిల్‌తో గిలికిన పేజీల్ని దీపం ముందు పెట్టుకుని, చిత్తుప్రతిని సాఫుప్రతి చేసిన ఆ రాత్రుల గురించి రోజ్ ఏమనుకుందో ఆ ఆత్మకథలో లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఆయన తల్లి కనిపిస్తుంది. ఫ్రాన్సెస్ ట్రాలప్ మొదటి పుస్తకం 1832లో, యాభై దాటాక వచ్చింది. కుటుంబం అప్పుల్లో మునిగితే కలంతో ఈదిన మనిషి. పొద్దున నాలుగింటికే బల్ల దగ్గర కూచుని, ఇల్లు లేచేలోగా ఆ రోజు రాత ముగించేది. 1834-35లో బ్రూజ్ నగరంలో కొడుకు, భర్త ఒకరి తర్వాత ఒకరు క్షయకీ జబ్బుకీ చనిపోతుంటే, ఇద్దరికీ సేవ చేస్తూ నవలలు రాసింది. ఆమె గదుల్లో మందుసీసాలకీ సిరాసీసాకీ సమానమైన చోటుండేదని కొడుకే రాశాడు. తెల్లవారుజామున లేచే క్రమశిక్షణ కొడుక్కి తల్లి నుంచి వచ్చింది. మందుసీసాలు మాత్రం రాలేదు. ఒకే ఇంట్లో ఒక తరం తేడాతో ఇద్దరు రచయితలు. అదే గంట, అదే సిరా. రాసే చేతికి ఇంకేం పని ఉందన్న దగ్గర తేడా.

మన వైపు ఈ కథ ఇంకాస్త సూటిగా కనిపిస్తుంది. రైలు రాకముందే ప్రయాణిస్తూ రాసిన గొప్ప తెలుగు పుస్తకం మనకుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారి పొడుగునా తాను చూసింది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి రాస్తూ వచ్చాడు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఆయన పల్లకీలో వెళ్ళాడు. మజిలీలో దిగి రాసినా, దారిలో కూచుని రాసినా, ఆ రాత బోయీల భుజాల మీద సాగిందే. పల్లకీలో ఉన్నంతకాలం మోసేవాళ్ళు ఎవరో కళ్ళకి కనిపిస్తారు. వాళ్ళ రొప్పు చెవిన పడుతుంది. రైలు వచ్చాక మోసేవాళ్ళు కనిపించకుండా పోయారు. ఇనుము, ఆవిరి మోస్తున్నట్టే అనిపిస్తుంది. ఒడిబల్ల మీద రాసుకునే పెద్దమనిషికి తన బరువు ఎవరి మీదా లేదన్న భ్రమ కలిగించడం రైలు చేసిన పెద్ద ఉపకారం.

ఆడవాళ్ళకి రైలు ఏం చేసింది? మద్రాసు రాయపురం నుంచి 1856లో దక్షిణాదిలో మొదటి బండి నడిచింది. ఆ శతాబ్దం ముగిసేలోగా సదరన్ మరాఠా వాళ్ళ పట్టాలు గుంటూరు మీదుగా బెజవాడ చేరాయి. 1890 నాటి రైల్వే చట్టంలో 64వ సెక్షను ఒకటుంది. ప్రయాణికుల బండి ప్రతిదానిలోనూ అన్నిటికంటే కింది తరగతిలో కనీసం ఒక పెట్టె స్త్రీలకే కేటాయించాలి. బండి యాభై మైళ్ళకి మించి వెళ్ళేదయితే అలాంటి పెట్టె ఒకదానిలో మరుగుదొడ్డి ఉండాలి. పంతొమ్మిదో శతాబ్దపు ప్రయాణ సౌకర్యాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ గడియ ఉన్న చిన్న గది. పలక, సిరాబుడ్డి, కలం తర్వాతి మాట. నెలసరి రోజుల్లో గుక్కెడు నీళ్ళు తాగడానికి భయపడి కూచునే మనిషికి వాక్యం ఎలా తోస్తుంది? రాత గురించి మాట్లాడేటప్పుడు మన విమర్శకులు ఒంటి గురించి ఎందుకు మాట్లాడరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆ చట్టం వచ్చిన పుష్కరానికి భండారు అచ్చమాంబ తెలుగు నేల మీద ఊళ్ళు తిరుగుతూ స్త్రీ సమాజాలు పెట్టమని చెప్తోంది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం నెలకొల్పింది. అప్పటికే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం వచ్చింది. బడి మెట్లెక్కకుండా నేర్చుకున్న చదువుతో చరిత్రలో మరుగునపడ్డ స్త్రీల పేర్లు ఒక్కొక్కటీ ఏరి రాసిన మనిషి. 1905లో ముప్పై ఏళ్ళకే చనిపోయింది. ఆమెకి పుట్టిన బిడ్డలిద్దరూ చిన్నతనంలోనే పోయారు.

ఇక్కడ నా వాదం నన్నే గుచ్చుతుంది. ఒడి ఖాళీగా ఉంటేనే రాత అన్నానా? అయితే అచ్చమాంబ ఒడి ఖాళీ అయిన తీరుని ఏమనాలి? దాన్ని అవకాశం అనడానికి నోరు రాదు. ఒడి ఖాళీ కావడం వేరు, ఒడి మీద హక్కు ఉండటం వేరు. ఆమె తర్వాత అనాథ పిల్లల్ని చేరదీసి పెంచింది, రాయడమూ ఆపలేదు. ఒడిలో ఎప్పుడు బిడ్డ ఉండాలో, ఎప్పుడు కాగితం ఉండాలో తనే నిర్ణయించుకోగలగడం, అదీ మనం అడగాల్సింది. ఆ నిర్ణయం నాకు కొంత దొరికింది. దొరికింది గనకే దాని ఖరీదు ఎవరు కట్టారని అడగాల్సిన బాధ్యతా నాదే.

బాపట్ల నుంచి రాసిన కనుపర్తి వరలక్ష్మమ్మ గారి పద్ధతి కూడా నాకు ఇక్కడే గుర్తొస్తుంది. 'గృహలక్ష్మి'లో ఆమె 'శారద లేఖలు' స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో నడిచాయి. పొయ్యి మీద పాలు పొంగితే ఆపి, మళ్ళీ వచ్చి అందుకోగలిగిన రూపం ఉత్తరం. పురుషులు రాయడానికి వస్తువులు కనిపెట్టుకుంటే, మన పూర్వపు రచయిత్రులు ఆగి ఆగి రాయడానికి వీలైన ప్రక్రియల్ని ఎంచుకున్నారు. ఇదీ ఒక ఆవిష్కరణే. పేటెంటు లేదు, అంతే.

ఇక అసలు ప్రశ్న. ప్రతి రచన కిందా రాయనివాళ్ళ శ్రమ ఉంటే, రాసేవాళ్ళం ఏం చేయాలి? రాయడం మానేయడం జవాబు కాదు. నేను అట్ట మూసి కూచుంటే ఆ పెద్దామె వేళ్ళ మంట తగ్గదు. మా అమ్మకి పోయిన మధ్యాహ్నాలు తిరిగి రావు. బాధపడటమూ జవాబు కాదు. అపరాధభావం చాలా సుఖమైన ఆసనం, అందులో కూచుని కూడా హాయిగా వ్యాసాలు రాసుకోవచ్చు. పేర్లు వేయాలి, గుర్తింపు ఇవ్వాలి అంటాం మనం. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని వాళ్ళ పేర్లతో, వాళ్ళ మాటల్లోనే మాట్లాడించింది. 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీలని ఇతరుల కథల్లో వస్తువుగా కాక రచయిత్రులుగా ముందుంచింది. పేరుకి ఉన్న బలం వాటిని చదివిన మనకి తెలుసు. కానీ రైల్లో ఆ ప్రశ్న నా చెవిలో మోగుతూనే ఉంది: మా పేర్లేనా? పేరు ఎక్కడం గౌరవమని నేననుకుంటున్నాను. ఆమెకి అదొక ప్రమాదం. పేరు ఎవరి చేతిలోని కాగితం మీద ఎక్కుతోంది, ఆ కాగితం ఎటు పోతుంది అన్నది తెలియకుండా పేరు వేసేస్తానంటే అది కూడా నా సౌకర్యమే అవుతుంది.

వర్జీనియా వూల్ఫ్ 1924లో ఒక వ్యాసంలో రిచ్‌మండ్ నుంచి వాటర్లూ వెళ్ళే రైల్లో ఎదురు సీట్లో కూచున్న ముసలామె గురించి రాసింది. నవల అంటే ఆ మూల సీటులో ఉన్న మనిషిని పట్టుకోవడమే అంది. ఆమెకి మిసెస్ బ్రౌన్ అని తనే పేరు పెట్టింది. నేను ఏళ్ళ తరబడి క్లాసులో ఆ వ్యాసం పాఠం చెప్పాను. ఆ ముసలామె ఒకసారి తల తిప్పి "నువ్వేం రాస్తన్నావు?" అని అడిగితే వూల్ఫ్ ఏమనేదో అని ఒక్కసారైనా అనుకోలేదు. నన్ను అడిగాక అనుకున్నాను.

ఇక్కడిదాకా రాసి నేను తృప్తిపడి ఉండేదాన్ని. కానీ నాకూ ఒక రోజ్ ఉందని కిందటేడు తెలిసింది.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా వేద్దామని పాత ఫైళ్ళ కోసం గుంటూరు బ్రాడీపేటలో డిటిపి చేసిపెట్టిన సెంటరుకి వెళ్ళాను. మెట్ల కింద చిన్న గది. రైలు ఊపులో నేను పెన్సిల్‌తో గిలికిన నాలుగు వందల పైచిలుకు కాగితాల్ని అను ఫాంట్లలో కొట్టింది అక్కడి ఆమే. నా వయసే ఉంటుంది. ఆ రోజుల్లో నేను ఆమెని 'నువ్వు' అనేదాన్ని, ఆమె నన్ను 'మేడం, మీరు' అనేది. అది తప్పని ఎప్పుడూ తోచలేదు. కృతజ్ఞతల పేజీలో గైడు గారున్నారు, లైబ్రరీలున్నాయి, మా వారున్నారు, అమ్మ ఉంది. ట్రాలప్‌ని విమర్శిస్తూ ఒక ఫుట్‌నోట్ కూడా ఉంది. ఆమె లేదు.

ఇప్పుడక్కడ పని తగ్గిపోయింది. ఫోనులో మాట్లాడితే అక్షరాలు పడుతుంటే పేజీలెక్కన కొట్టించుకునేవాళ్ళెవరు? దరఖాస్తులు, శుభలేఖలతో నెట్టుకొస్తోంది. "పుస్తకంలో మీ పేరు వేస్తాను" అన్నాను. 'మీ' అన్నందుకు కాబోలు నవ్వింది.

"వేయండి మేడం. కాకపోతే ఒక మాట చెప్పాలి. అప్పట్లో మూడో అధ్యాయం మీరు మొత్తం మార్చి తెస్తే రెండుసార్లు కొట్టాను. డబ్బులు ఒకసారికే ఇచ్చారు."

నాకు గుర్తు లేదు. ఆమెకి పేజీల సంఖ్యతో సహా గుర్తుంది.

"ఇంకోటి కూడా ఉంది. అందులో మీరు అన్నిచోట్లా 'పత్తి కోస్తారు' అని రాశారు. నేను 'పత్తి తీస్తారు' అని మార్చుకుంటా పోయాను. మా అమ్మ పత్తి తీతకి వెళ్ళేది. మిరపకాయలైతే కోస్తారు, పత్తి తీస్తారు మేడం. చెపుదామనుకున్నా, మీరు బండి టైమైపోయిందని హడావుడిలో ఉన్నారు."

వైవాలో పరీక్షకులు మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే. స్థానిక నుడికారం మీద మంచి పట్టుంది అన్నారు. నేను తల వంచి ఆ మెప్పు పుచ్చుకున్నాను. పట్నంలో పుట్టి, పత్తిచేలని రైలు కిటికీలోంచి చూసినదాన్ని. పట్టు ఎవరిదో ఇప్పుడు తెలిసింది. అభిరుచికి సంబంధించిన విషయాల్లో చాలా మేలు జరిగిందని ట్రాలప్ కనీసం ఒక వాక్యం రాశాడు. నా దగ్గర అదీ లేదు.

బాకీ ఉన్న పేజీలకి ఆ రోజు రేటు కాకుండా ఈ రోజు రేటుతో లెక్క కట్టి ఇచ్చాను. ఆమె చిల్లరతో సహా లెక్కపెట్టుకుని రశీదు రాసిచ్చింది. పుస్తకంలో ఆమె పేరు ఎలా వేయాలో కూడా ఆమెనే అడిగాను. 'టైపింగ్' వద్దంది. కాసేపు ఆలోచించి "దిద్దింది అని వేయండి" అంది. అలాగే వేయిస్తున్నాను.

నాకు అర్థమైనంతలో ఈ అప్పులన్నీ ఒకలాంటివి కావు. కొన్ని డబ్బుతో తీరేవి, వాటిని కృతజ్ఞతతో సరిపెట్టడం మోసం. కొన్ని పేరుతో తీరేవి, ఆ పేరు ఎలా ఉండాలో అవతలి మనిషే చెప్పాలి. మా అమ్మకి నేను పడ్డ అప్పు రెండిటితోనూ తీరదు. ఈ మధ్య ఆమె మధ్యాహ్నాలు ఖాళీగా ఉంచడానికి ప్రయత్నిస్తున్నాను. నా పరీక్ష అట్ట ఇప్పుడు ఆమె మంచం పక్కన ఉంది. ఆమె రాస్తుందో, దాని మీద వత్తులు చేసుకుంటుందో నేను అడగడం లేదు.

మిరపకోతల ఆడవాళ్ళకి ఏం ఇవ్వాలో ఇంకా తేలలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ బండి ఎక్కుతుంటాను. మళ్ళీ ఎవరైనా "మా పేర్లేనా?" అని అడిగితే, "నా చదువుకి సంబంధించింది" అని మాత్రం ఇక అనను. మీ పేర్లు కాదు, మీ పని గురించి రాస్తున్నాను, చదివి వినిపించనా అని అడుగుతాను. వద్దంటే పెన్సిల్ సంచిలో పెట్టేస్తాను. వింటామంటే నరసరావుపేట వచ్చేలోగా ఒక పేజీ చదవొచ్చు. తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు.